కోటోనులో దిగే బియ్యం, ఓడెక్కని జీడిపిక్కలు

కాకినాడ నుంచి పశ్చిమ ఆఫ్రికాకు బయలుదేరే బియ్యం ఓడలలో చాలావాటికి గమ్యం బెనిన్ దేశపు కోటోను రేవు. అదే రేవు నుంచి ఏటా ఎండాకాలంలో బయలుదేరి, గుడ్‌హోప్ అగ్రం చుట్టివచ్చి, విశాఖలో దిగి, శ్రీకాకుళం జిల్లా పలాసకు చేరే సరుకు ఒకటి ఉండేది. అది ముడి జీడిపిక్క. బియ్యం వెళ్లడం ఆగలేదు కానీ, పిక్కల ఎగుమతిని మాత్రం బెనిన్ ప్రభుత్వం 2024 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. సుమారు కోటీ నలభై లక్షల జనాభా ఉన్న ఈ చిన్న దేశం ఇంతకాలం ఎలా బతికిందో మొదటి సరుకు చెబుతుంది. ఇకపై ఎలా బతకాలనుకుంటోందో రెండోది చెబుతుంది.

ముందు బియ్యం లెక్క. కొన్ని సంవత్సరాలలో బెనిన్ దిగుమతి చేసుకున్న బియ్యం 10 లక్షల టన్నులు దాటింది. తలసరిన పంచితే మనిషికి 70 కిలోలకు పైనే పడుతుంది. మొక్కజొన్న, కర్రపెండలం, యామ్ దుంపలు ప్రధానాహారంగా ఉన్న దేశానికి ఈ లెక్క ఏ విధంగానూ పొసగదు. పైగా బెనిన్ ఇళ్లలో వండుకునేది ఎక్కువగా తెల్లబియ్యం. ఉప్పుడు బియ్యం మీద మక్కువ తూర్పు సరిహద్దుకు అవతల ఉన్న నైజీరియా జనానిది. 20 కోట్లకు పైగా జనం ఉన్న ఆ దేశం తన వరిరైతును కాపాడుకోవడానికి దిగుమతి బియ్యం మీద భారీ సుంకాలు వేసింది, భూమార్గాన బియ్యం రావడాన్ని 2016 నుంచి నిషేధించింది. నిషేధం ఎంత గట్టిదైతే దాన్ని దాటించేవాడికి లాభం అంత ఎక్కువ. కోటోను గోదాముల్లో దిగిన బస్తాలు లారీల మీద, మోటారు సైకిళ్ల మీద, ఉప్పుటేరుల్లో పడవల మీద అవతలికి చేరుతూ వచ్చాయి. ఈ దారిలో సుంకం బెనిన్ ఖజానాకు, కిరాయి రేవుకు, బాడుగ బండివాడికి దక్కుతాయి.

సెకండ్‌హ్యాండ్ కార్ల కథ, గడ్డకట్టించిన కోడిమాంసం కథ కూడా ఇంతే. ఐరోపా, అమెరికాల నుంచి వచ్చిన పాత కార్లు కోటోను శివార్లలోని విశాలమైన మైదానాల్లో వరుసలు కట్టి ఉండేవి, కొనేది మాత్రం నైజీరియా వ్యాపారులు. భూమార్గాన వాహనాల దిగుమతిని నైజీరియా 2017 జనవరి నుంచి ఆపేశాక ఆ మైదానాలు పలచబడ్డాయి. ఇరుగుపొరుగు దేశాల సుంకాల మధ్య తేడాయే ఇక్కడ అసలు సరుకు. బియ్యమూ కార్లూ దాన్ని మోసే వాహనాలు మాత్రమే.

అవతలి నుంచి ఇవతలికి వచ్చేదీ ఉంది. నైజీరియా దశాబ్దాలపాటు తన ప్రజలకు సబ్సిడీ మీద ఇచ్చిన చవక పెట్రోలు సరిహద్దు దాటి బెనిన్ రోడ్లపక్కన అమ్ముడయ్యేది. అసలు సరుకు కాదు అన్న అర్థంలో స్థానికులు దాన్ని 'క్పాయో' అంటారు. చెక్కబల్ల మీద వరుసగా గాజుసీసాలు, వాటి పక్కన పెద్దపెద్ద గాజు జాడీలు, నలకలు పోవడానికి గుడ్డ అడ్డం పెట్టిన గరాటు ఉంటాయి. పసుపు చొక్కా తొడుక్కున్న మోటార్ సైకిల్ టాక్సీవాడు ఆగి, లీటరో రెండు లీటర్లో పోయించుకుని, చిల్లర ఇచ్చి వెళ్లిపోతాడు. ఆ టాక్సీ పేరు 'జెమీజాన్', స్థానికులు మాట్లాడే 'ఫోన్' అనే భాషలో 'నన్ను త్వరగా తీసుకుపో' అని. సీసాలు పేర్చిన ఆ మహిళకు, పసుపు చొక్కా యువకుడికి లైసెన్సుగానీ జీతపు చీటీగానీ ఉండవు. కానీ దేశంలో పని చేసేవారిలో అత్యధికులు ఈ కోవలోని వారే. బెనిన్ వ్యాపార వాతావరణం గురించి ఎన్ని నివేదికలు వచ్చినా అవి ఈ చెక్కబల్ల దాకా చేరినవి తక్కువ.

2023 మే 29న నైజీరియా కొత్త అధ్యక్షుడు బోలా టినుబు పదవీ ప్రమాణం చేసిన రోజునే పెట్రోలు సబ్సిడీ పోయిందని ప్రకటించాడు. అక్కడి ఆర్థిక విధానంలో మార్పు ఇక్కడి గరాటు దగ్గర కొద్ది రోజుల్లోనే తెలిసింది. క్పాయో ధర ఒక్కసారిగా ఎగబాకింది, టాక్సీ చార్జీలు పెరిగాయి, పెట్రోలు బంకుల ముందు వరుసలు కనిపించాయి. ఆ మరుసటి నెలలోనే నైజీరియా తన కరెన్సీ నైరా విలువను మార్కెట్‌కు వదిలేయడంతో అది కుప్పకూలింది. బెనిన్ కరెన్సీ అయిన సీఎఫ్‌ఏ ఫ్రాంకులలో ధర కట్టిన అక్కడి సరుకు నైజీరియా కొనుగోలుదారుకు భారమైపోయింది.

నిజానికి ఇంతకంటే పెద్ద దెబ్బ అంతకు ముందే తగిలింది. 2019 ఆగస్టులో నైజీరియా భూసరిహద్దులన్నీ మూసేసి 2020 డిసెంబరు దాకా తెరవలేదు. దొంగరవాణా అరికట్టడానికని చెప్పినా, దెబ్బతిన్నవారిలో చట్టబద్ధంగా పండించి అమ్ముకునేవారూ ఉన్నారు. నైజీరియా మార్కెట్టునే నమ్ముకున్న అనాస రైతుల పంట తోటల్లోనే కుళ్లింది. సెమె-క్రాకే సరిహద్దు దగ్గర లారీలు వారాల తరబడి నిలిచిపోయాయి. అంత జరిగినా, కరోనా కూడా తోడైన 2020లో బెనిన్ ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోలేదు, 3.8 శాతం మేర పెరిగింది. దీన్ని ప్రభుత్వ సమర్థతగా చెప్పేవారున్నారు. మూసిన సరిహద్దుకు ఎన్ని సందులుంటాయో ఆ అంకె చెబుతోందన్నా పెద్దగా తప్పులేదు.

సరుకు పంపేవాడి నిర్ణయాలకు కూడా ఈ దేశం కట్టుబడి ఉండవలసిందే. భారతదేశం 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని ఆపింది, 2023 జూలైలో బాస్మతియేతర తెల్లబియ్యాన్ని నిషేధించింది, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. ఢిల్లీలో వెలువడిన ఒక్కో నోటిఫికేషన్ కోటోను గోదాముల్లో కొత్త ధర రాయించింది. 2024 చివరికి ఈ ఆంక్షలు చాలావరకు తొలగాయి. ఆ నవంబరులోనే పశ్చిమ ఆఫ్రికాకు బయలుదేరవలసిన స్టెల్లా ఎల్ ఓడలో రేషన్ బియ్యం బయటపడి కాకినాడ రేవు వార్తల్లోకెక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ కార్డు మీద ఇచ్చిన బియ్యం ఒక సబ్సిడీని తప్పించుకుని, మరో ఖండంలో ఇంకొక దేశపు నిషేధాన్ని తప్పించుకునే ప్రయాణానికి సిద్ధమైందన్నమాట. తెలుగు పత్రికల్లో అప్పట్లో రేవు రాజకీయం గురించి చాలా చర్చ జరిగింది, అవతలి గట్టున ఆ బియ్యాన్ని పిలుస్తున్నదేమిటో మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు.

ఉత్తరాన ఉన్న నైజర్ సంగతి కూడా ఈ రేవుతోనే ముడిపడింది. సముద్రం లేని నైజర్‌కు దగ్గరి రేవు కోటోనుయే. 2023 జూలైలో అక్కడ సైన్యం అధికారం పట్టాక పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఆంక్షలు విధించింది, బెనిన్ సరిహద్దు మూసింది. 2024 ఫిబ్రవరిలో ఆంక్షలు ఎత్తేశాక బెనిన్ తలుపు తెరిచినా నైజర్ తన వైపు తలుపు తీయలేదు. విచిత్రమేమిటంటే సరిగ్గా ఆ సమయానికే నైజర్‌లోని అగాడెమ్ చమురు క్షేత్రం నుంచి బెనిన్‌లోని సెమె తీరం దాకా చైనా సంస్థ వేసిన, దాదాపు 2 వేల కిలోమీటర్ల పైప్‌లైన్ సిద్ధమైంది. మనుషులకూ లారీలకూ మూసుకున్న సరిహద్దు కింద చమురు పారవలసి వచ్చింది. సరిహద్దు తెరవనిదే మీ చమురు ఓడకెక్కదని 2024 మేలో బెనిన్ అడ్డుచెప్పి, చర్చల తరువాత వదిలింది. కోటోను రేవు నిర్వహణను 2018 నుంచి బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవు అనుబంధ సంస్థకు అప్పగించి ఎంత చక్కదిద్దినా, రేవుకు సరుకు ఇచ్చే ఇద్దరు పొరుగువారు ముఖం తిప్పుకుంటే చేయగలిగింది తక్కువేనని ఈ ఉదంతం చూపించింది.

వాకిలి కాపలా మీద వచ్చే ఆదాయం ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేమన్న ఎరుక 2016లో అధ్యక్షుడైన పత్రీస్ టాలోన్ ఆర్థిక విధానానికి పునాది. ఆయన వృత్తిరీత్యా పత్తి వ్యాపారి. విత్తనాలు, ఎరువుల సరఫరాతో, జిన్నింగ్ మిల్లులతో దేశంలోకెల్లా ధనికుడనిపించుకున్నాడు. అంతకు ముందటి అధ్యక్షుడు బోని యాయికి విషం పెట్టించే కుట్ర చేశాడన్న ఆరోపణను 2012లో ఎదుర్కొన్నాడు, 2014లో అదే అధ్యక్షుని క్షమాభిక్ష పొందాడు, రెండేళ్లకు ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆయన హయాంలో ఉత్తరాది బొర్గూ, అలిబోరి ప్రాంతాల పత్తి దిగుబడి బాగా పెరిగి, మాలిని దాటి ఆఫ్రికాలో మొదటి స్థానానికి పోటీపడే స్థాయికి చేరింది. అయితే ఆ పత్తిలో అత్యధిక భాగం దూది బేళ్లుగా బంగ్లాదేశ్ వంటి చోట్లకు పోయి, చొక్కాలై తిరిగి వస్తుంది. జీడిపిక్కల పరిస్థితి ఇంతకంటే భిన్నం కాదు.

ఇక్కడ పిక్కను కొంచెం దగ్గరగా చూడాలి. కొనే ముందు వ్యాపారి గుట్టలోనుంచి అక్కడక్కడా తీసిన పిక్కలను ఒక కిలో తూచి, ఒక్కొక్కటీ కత్తిరించి, పుచ్చులు, వట్టికాయలు, ముడుచుకున్నవి పక్కకు తీసి, మంచి పప్పు ఎంత వచ్చిందో తూస్తాడు. ప్రపంచమంతటా ఈ ఫలితాన్ని 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల బరువు పప్పు అని చెప్పుకుంటారు. బెనిన్ పిక్క 47, 48 పౌండ్లు తూగి పశ్చిమ ఆఫ్రికాలో మంచి రకాలలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. 47 పౌండ్లంటే సుమారు 21 కిలోలు. అంటే 80 కిలోల బస్తాలో 59 కిలోలు పెంకు, పొర, తేమ, పాడైన గింజలే. ఆ బరువంతటికీ ఓడ కిరాయి కట్టి ఆఫ్రికా కొస చుట్టి తీసుకొచ్చి, పలాసలో పెంకు తీసి పారేయడం అసలు గిట్టుబాటయ్యే వ్యాపారమేనా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. గిట్టుబాటవుతూనే వచ్చింది, దానికి కారణం పనిచేసే చేతులు.

పెంకులోని నూనె చర్మాన్ని కాల్చి నల్లబరుస్తుంది. ఆవిరిలో ఉడికించిన పిక్కను గింజ చితకకుండా కత్తిరించాలి, పప్పును బట్టీలో ఎండబెట్టాలి, పొరను గోటితోనో చాకుమొనతోనో తీయాలి, గుండు, బద్ద, ముక్క వేరుచేసి పరిమాణాన్నిబట్టి ఏరాలి. గుండుకూ ముక్కకూ మధ్య ధర తేడా చాలా ఎక్కువ కాబట్టి లాభమంతా పప్పు విరగకుండా వలిచే నేర్పులోనే ఉంది. పలాస, కాశీబుగ్గలలో వందల యూనిట్లలో ఆడవాళ్ల చేతులకు రెండు మూడు తరాలుగా అబ్బిన నేర్పు అది. దానికి తోడు విరిగిన ముక్క కూడా భారతదేశంలో వృథా పోదు, మిఠాయికొట్టు నుంచి ఇంటి పాయసం దాకా దానికి గిరాకీ ఉంది. బెనిన్‌లో జీడిపప్పు తినే అలవాటు అంతగా లేదు. అక్కడి ఫ్యాక్టరీ విరిగిన పప్పునూ విదేశానికే పంపాలి, విదేశం ముక్కకు పెద్ద ధర ఇవ్వదు. ఎగుమతి నిషేధం గురించి మాట్లాడేవారిలో ఈ లెక్క చెప్పేవారు అరుదు.

ఈ లెక్కను తిరగరాయడానికి ఎంచుకున్న చోటు కోటోనుకు సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని గ్లో-జిగ్బే పారిశ్రామిక మండలం. 1,640 హెక్టార్లలో విస్తరించిన ఈ మండలాన్ని బెనిన్ ప్రభుత్వం, భారత మూలాలున్న గగన్ గుప్తా స్థాపించిన అరైజ్ సంస్థ కలిసి నెలకొల్పాయి, మెజారిటీ వాటా అరైజ్‌దే. రోడ్డు, కరెంటు, కస్టమ్స్ కార్యాలయం, కార్మికులకు శిక్షణ అన్నీ ప్రహరీ లోపలే ఏర్పాటు చేసి, పత్తి నుంచి దుస్తులు, జీడిపిక్క నుంచి పప్పు, సోయా నుంచి నూనె తీసే ఫ్యాక్టరీలకు పన్ను రాయితీలిచ్చారు. ముడి జీడిపిక్కతో పాటు సోయా గింజల ఎగుమతిపైనా నిషేధం పెట్టింది ఈ ఫ్యాక్టరీలకు ముడిసరుకు కరువు రాకూడదనే.

ఆ నిషేధం భారం ఎవరి మీద పడుతుందన్నది ఇబ్బందికరమైన ప్రశ్న. జీడితోటలు మధ్య, ఉత్తర బెనిన్‌లోనివి, వాటి వ్యాపారానికి పరాకూ పట్టణం కూడలి. ఫిబ్రవరిలో పిక్క రాలడం మొదలై మే, జూన్ దాకా సాగుతుంది. వానలకు ముందు విత్తనానికి, పిల్లల ఫీజుకు, వైద్యానికి రైతు చేతికొచ్చే నగదు అదే. వెనుకటి రోజుల్లో భారత, వియత్నాం వ్యాపారుల ప్రతినిధులు పెట్టుబడి పంచితే, 'పిస్తర్లు' అనే ఊరి కొనుగోలుదార్లు సైకిళ్ల మీద తిరిగి సరుకు పోగుచేసేవారు. కొనేవాళ్లు పలువురు ఉన్నందువల్ల రైతుకు కాస్త బేరమాడే వీలుండేది. ఇప్పుడు చట్టబద్ధంగా కొనగలిగింది దేశంలోని ఫ్యాక్టరీలే. వాటి గిడ్డంగులు నిండిన రోజున కనీస ధర ప్రకటన కాగితం మీదే మిగిలిపోవచ్చు. దానికి విరుగుడు రైతుకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. పశ్చిమాన టోగో సరిహద్దు దూరం కాదు, బియ్యాన్ని దాటించిన మోటారు సైకిలు పిక్కనూ దాటించగలదు. ఇన్నాళ్లూ పొరుగువారి నిషేధాల మీద బతికిన దేశం ఇప్పుడు తన నిషేధానికి తానే కాపలా కాయవలసి రావడంలో కొంత వ్యంగ్యం లేకపోలేదు.

పెట్టుబడిదారు వైపు నుంచి చూస్తే బెనిన్‌లో మెచ్చదగినవి తక్కువేమీ కాదు. మరో ఏడు దేశాలతో కలిసి వాడే సీఎఫ్‌ఏ ఫ్రాంకు విలువ ఒక యూరోకు 655.957గా స్థిరపడి ఉండడంతో నైజీరియా, ఘనాలను కుదిపేసిన ద్రవ్యోల్బణం ఇక్కడికి రాలేదు. వడ్డీరేటు, మారకపు రేటు రెండూ డాకర్‌లోని ఉమ్మడి కేంద్రబ్యాంకు చేతిలో ఉండడం వల్ల ఎగుమతిదారుకు ఊపిరాడని రోజులూ వస్తాయి. అది స్థిరత్వానికి చెల్లించే వెల. 2016లో ఆర్థిక మంత్రిగా వచ్చిన రొమువాల్డ్ వడాన్యీ అప్పుల వ్యవహారాన్ని నేర్పుగా నడిపాడు. 2019లో విదేశీ మార్కెట్లో అప్పు తెచ్చే తొలి యూరోబాండు, 2021లో సుస్థిర అభివృద్ధి లక్ష్యాలకు ముడిపెట్టిన 50 కోట్ల యూరోల బాండు, 2024లో 75 కోట్ల డాలర్ల తొలి డాలర్ బాండు వరుసగా వచ్చాయి. ఐరోపా పెట్టుబడి నిధులు ఈ దేశం పేరును గుర్తుపెట్టుకున్నది అప్పటినుంచే.

కంపెనీ నమోదు 2020 నుంచి పూర్తిగా ఆన్‌లైన్‌లో, గంటల వ్యవధిలో జరిగిపోతోంది. 17 దేశాలకు ఉమ్మడిగా వర్తించే ఒహాడా వ్యాపార చట్టాల వల్ల ఒప్పందం ఏ నిబంధనలకు లోబడుతుందో ముందే తెలుస్తుంది. మరియా-గ్లెటాలో 2019లో మొదలైన 127 మెగావాట్ల విద్యుత్కేంద్రం కరెంటు కోతలను గణనీయంగా తగ్గించింది. ఇవన్నీ నిజమే అయినా, రోడ్డుపక్క చెక్కబల్లకు ఆన్‌లైన్ నమోదుతో ఒరిగేదేమిటన్న ప్రశ్న ఉండనే ఉంది. అధికారిక ముద్ర పడితే పన్ను వస్తుంది, బ్యాంకు అప్పు మాత్రం వెంటనే రాదు.

వ్యాపారంలో నిజమైన భయం వేరేచోట ఉంది. ఆర్థిక నేరాలకూ ఉగ్రవాదానికీ కలిపి 2018లో ఏర్పడిన 'క్రియెట్' అనే ప్రత్యేక న్యాయస్థానం అదే ఏడాది కోళ్ల వ్యాపార దిగ్గజం, టాలోన్‌కు రాజకీయ ప్రత్యర్థి అయిన సెబాస్టియన్ అజావోన్‌కు మాదకద్రవ్యాల కేసులో 20 ఏళ్ల శిక్ష వేసింది. అప్పటికి ఆయన దేశం విడిచి వెళ్లిపోయాడు. 2025 జనవరిలో, ఒకప్పుడు అధ్యక్షునికి అత్యంత సన్నిహితుడైన వ్యాపారవేత్త ఒలివియే బోకోకు కుట్ర కేసులో మళ్లీ 20 ఏళ్ల శిక్ష పడింది. తీర్పుల్లో నిజానిజాలు ఎలా ఉన్నా, మార్కెట్ గ్రహించింది ఒక్కటే: అధికారానికి దగ్గరైన వ్యాపారం ఎంత వేగంగా పెరుగుతుందో, దూరమైన వ్యాపారం అంత వేగంగా కూలుతుంది. ఒక్క చేతి నిర్ణయంతో పారిశ్రామిక మండలం మూడు నాలుగేళ్లలో లేస్తుంది, ఎగుమతి నిషేధం ఒక సంతకంతో వస్తుంది. అదే వేగం అననుకూలంగా మారితే అప్పీలుకు వెళ్లే చోటు ఏదన్నది విదేశీ కంపెనీల న్యాయవాదులు అడిగే ప్రశ్న. 1990లో జాతీయ సమావేశం జరిపి, రక్తం చిందకుండా సైనిక మార్క్సిస్టు పాలన నుంచి ఎన్నికలకు మారి, ఆఫ్రికాకే ఒరవడిగా నిలిచిన దేశంలో 2026 అధ్యక్ష ఎన్నికకు ప్రధాన ప్రతిపక్షం అభ్యర్థి సంతకాలు చాలలేదన్న కారణంగా బరిలోకే రాలేకపోయాడు. పాలక పక్షాల అభ్యర్థి వడాన్యీ.

ఉత్తరాన మరో ముప్పు పెరుగుతోంది. పెంజారి, డబ్ల్యూ అభయారణ్యాలను ఆనుకుని సహారా ఎడారి దక్షిణపు అంచు అయిన సాహెల్ నుంచి దిగివచ్చిన జిహాదీ దళాలు 2025 ఏప్రిల్‌లో ఒకే రోజున 54 మంది సైనికులను చంపాయి. పత్తి పండేదీ ఆ దిక్కునే, నైజర్ లారీలూ పైప్‌లైనూ వచ్చేదీ ఆ దిక్కు నుంచే. సైన్యంలో ఆ నష్టాల మీద రగిలిన అసంతృప్తి 2025 డిసెంబరు 7న కోటోనులో కొందరు సైనికులు టీవీ తెర మీదకు వచ్చి ప్రభుత్వాన్ని కూలదోశామని ప్రకటించేదాకా వెళ్లింది. సాయంత్రానికల్లా అది విఫలమైంది, నైజీరియా యుద్ధవిమానాలు వచ్చి తోడ్పడ్డాయి. సరిహద్దు మూసి ఒకప్పుడు ఊపిరాడకుండా చేసిన పొరుగుదేశమే ప్రభుత్వాన్ని నిలబెట్టింది.

పలాసలో ఈ పరిణామాల ప్రభావం బస్తా ధరగానే తెలుస్తుంది. బెనిన్ తలుపు మూసినా ఐవరీకోస్ట్, ఘనా, టాంజానియా పిక్క దొరుకుతోంది. కానీ ముడిసరుకును ఇంట్లోనే వలుచుకోవాలన్న ఆలోచన ఆ దేశాల్లోనూ బలపడుతోంది, ఎగుమతి పన్నుల, రాయితీల రూపంలో కనిపిస్తూనే ఉంది. కిలో 720 రూపాయలకు తక్కువైన గుండు జీడిపప్పు దిగుమతిని భారత ప్రభుత్వం 2019లో ఆపడంతో చవకైన విదేశీ పప్పు నుంచి దేశీయ మార్కెట్టుకు రక్షణ వచ్చింది. ఆ గోడ పప్పును ఆపుతుందే గానీ పిక్కను తెచ్చిపెట్టదు. ఉద్దానంలో 2018 తిత్లీ తుపానుకు కూలిన జీడిచెట్ల స్థానంలో పెట్టిన మొక్కలు కాపుకొచ్చినా పలాస మిల్లుల ఆకలికి చాలవు. గ్లో-జిగ్బే షెడ్లలో కొత్తగా చేరిన అమ్మాయిలు విరగకుండా వలవడం ఎన్నాళ్లకు నేర్చుకుంటారన్నది ఇప్పుడు పరాకూ రైతుకు ఎంత ముఖ్యమో, కాశీబుగ్గ మిల్లు యజమానికీ అంతే ముఖ్యం.